గుంట లేని వెంట్రుక

కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీసే ఆవిడని అందరూ ఈగలక్క అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ముందుగదిలో ఫ్రేములు, నిలువుటద్దాలు, మొహాన నవ్వు పులుముకుని అమ్మేవాళ్ళు. వెనకగదిలో అద్దాలు గీసే యంత్రం, దాని మీదికి సన్నగా నీళ్ళు కారే గొట్టం, ఎటు వంచితే అటు వంగే బల్లదీపం, ఆవిడ. డాక్టరు రాసిన కొలతకి అద్దాన్ని అరగదీసి ఫ్రేములో బిగించాలంటే వెంట్రుకవాసి తేడా కూడా పనికిరాదు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఆ వెంట్రుకవాసినే నమ్ముకుని బతుకుతోంది.

షాపు యజమానికి హాస్యం పాలు ఎక్కువ. బేరాలు లేని రోజున, "మేమందరం ఈగలు తోలుకుంటూ కూర్చుంటే ఈవిడొక్కతే వాటికి పేర్లు పెడుతోంది" అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. మధ్యాహ్నం డబ్బా తెరిచి ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో ఫోనులో ఈగ వీపుని పెద్దది చేసి చూసుకునే మనిషిని ఇంకెలా పిలుస్తారు?

ఇదంతా మొదలైంది పదకొండేళ్ళ కిందట, ఒక మోసంతో. బాల్కనీలో కుండీలో ఉన్న తీగ మీద ఒక గొంగళిపురుగు కనబడితే, సీతాకోకచిలుక అవుతుంది కదా చూద్దామని సీసాలో పెట్టి పెంచింది. రోజూ లేత ఆకులు కోసి వేసింది. అది గూడు కట్టుకుంది. పదహారు రోజులు కళ్ళలో వత్తులు వేసుకుని చూసింది. పదిహేడో రోజు పొద్దున సీసాలో రెక్కలు విప్పుకుని కూర్చున్నది సీతాకోకచిలుక కాదు, ఒళ్ళంతా ముళ్ళలాంటి వెంట్రుకలున్న బూడిదరంగు ఈగ.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. నా సీసాలో, నా ఆకులు తిని, నా కళ్ళెదుట పెరిగినదాన్ని లోపల్నుంచి తినేసిన ఇదెవతె అనుకుంది. షాపులో కంటికి పెట్టుకునే చిన్న భూతద్దాన్ని ఫోనుకి ఆనించి దాని ఫొటో తీసింది. ఇలాంటి ఫొటోలు పెడితే పేర్లు చెప్పేవాళ్ళ గుంపు ఒకటి ఇంటర్నెట్లో ఉందని తెలిసి అక్కడ పెట్టింది. మూడు వారాలు ఎవరూ పలకలేదు. నాలుగో వారం పెద్దాయన పలికాడు. ఆయన ఒకప్పుడు మ్యూజియంలో పురుగుల అరలు చూసుకున్న మనిషి. గుంపు ఆయనదే. నోరు తిరగని పేరొకటి రాసి, కింద ఒక్క మాట చేర్చాడు: ఈసారి వీపు మీద వెంట్రుకలు లెక్కపెట్టండి.

ఆవిడ లెక్కపెట్టింది. ఆ రోజు మొదలు లెక్కపెడుతూనే ఉంది.

ఈ ఈగల సంగతి ఇంత. తల్లి ఈగ ఏ గొంగళిపురుగు మీదో గుడ్డు పెట్టి తన దారిన తాను పోతుంది. పిల్ల దాని లోపల దూరి దాన్ని తింటూ పెరుగుతుంది. చూపుకి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. గింజంత ఒళ్ళు, బూడిద రంగు, ఎర్రటి కళ్ళు. ఫొటోలో తేడా తెలిసేది వెంట్రుకల్లోనే. వీపు మీద అడ్డంగా సన్నటి గీత ఉంటుంది. ఆ గీత వెనక, మధ్యగీతకి అటూ ఇటూ ఉన్న వరసలో బిరుసు వెంట్రుకలు మూడైతే ఒక పేరు, నాలుగైతే ఇంకో పేరు. కొట్లాడుకునేప్పుడో, ఆకుల్లో దూరేప్పుడో వెంట్రుక ఊడిపోవచ్చు. అయినా భయం లేదు. ఊడినచోట సూదిమొనంత గుంట ఉంటుంది. ఈగలక్క సూత్రం అదే: వెంట్రుకని నమ్మకు, గుంటని నమ్ము.

పొద్దున షాపుకి వెళ్ళేముందు గంట, మధ్యాహ్నం అరగంట, సాయంత్రం వంట పొయ్యి మీద ఉండగా ఇంకాసేపు. పదకొండేళ్ళలో పన్నెండు వేల ఫొటోలకి పేర్లు చెప్పింది. చెప్పే తీరు మాత్రం పుల్లవిరుపు. "మసక. వెంట్రుకలు కనబడవు." "మూడు. రెండోది ఊడింది, గుంట చూడండి." అంతకు మించి ఒక్క అక్షరం రాస్తే వేళ్ళు అరిగిపోతాయన్నట్టు ఉండేది. వాళ్ళాయన బస్సు డ్రైవరు. ఆయన లెక్కలో ఈగలు రెండే రకాలు, అన్నం మీద వాలేవి, వాలనివి. ఇంట్లో అందరూ ఒంటి మీద ఈగ వాలనివ్వకుండా చూసుకుంటారు, మా ఇంట్లో ఈగ మీద నన్ను వాలనివ్వరు అని స్నేహితులతో చెప్పుకునేవాడు. ఆవిడ పట్టించుకునేది కాదు. ఈగ పేరు తేలకపోతే ఈగలక్కని అడగండి అని గుంపులో ఎవరో ఒకరు రాస్తారు కదా, ఆ ముక్క చాలు ఆవిడకి. ప్రపంచంలో తనని ఒక విషయానికి ఆఖరి దిక్కుగా చూసేది ఆ గుంపే.

అలా ఉండగా మూడేళ్ళ కిందట పై అంతస్తులోకి మరిది కాపురం మార్చాడు. అతని భార్యని ఇంట్లో చిన్నది అంటారు. ఒక క్లినిక్‌లో ఎక్స్‌రేలు తీస్తుంది. నెమ్మదైన మనిషి, చకచకా పనిచేస్తుంది, అన్నిటికీ "అలాగే అక్కా" అంటుంది. ఒక ఆదివారం తోడికోడలి భుజం మీంచి తొంగి చూసి, ఈ చుక్కలేంటక్కా అని అడిగింది. ఇక్కడే ఈగలక్క చేజేతులా తన గొయ్యి తాను తవ్వుకుంది. గీత చూపించింది, వరస చూపించింది, గుంట చూపించింది. అడిగేవాళ్ళు లేక పదకొండేళ్ళు, అప్పటికి ఎనిమిదేళ్ళే అనుకోండి, నోరు కట్టుకున్న మనిషి ఆ ఒక్క మధ్యాహ్నంలో ఉన్నదంతా ఒలకబోసింది.

మొదటి ఏడు చిన్నది గుంపులో చేరి పేర్లు చెప్పి, సరేనా అక్కా అని మెట్లు దిగి వచ్చి అడిగేది. రెండో ఏడు మెట్లు దిగడం మానేసింది. మూడో ఏడు వచ్చేసరికి గుంపులో జనం కొత్త ఫొటో పెట్టి చిన్నదాని పేరు పిలవడం మొదలుపెట్టారు. ఎందుకు పిలవరు? అది ముందు "ఎంత ఓపిగ్గా తీశారండీ" అంటుంది, తర్వాత పేరు చెబుతుంది, ఆఖర్న "మీ కుండీలో మొక్క కూడా బాగుంది" అంటుంది. కుండీలో మొక్కకీ ఈగ వీపుకీ ఏం సంబంధం? ఈగలక్క ఆ మాటలు చదివి పళ్ళు నూరుకునేది. చదవకుండా ఉండలేకపోయేది కూడా. చిన్నదాని జవాబుకి ఎన్ని దండం బొమ్మలు, ఎన్ని పూల బొమ్మలు వచ్చాయో లెక్కపెట్టేది. వీపు మీద వెంట్రుకలు లెక్కపెట్టినంత శ్రద్ధగా లెక్కపెట్టేది.

దీన్ని మర్యాదగా ఇంకేదో అని చెప్పాలని నాకూ ఉంది. కానీ అది కుళ్ళు. దానికి ఇంకో పేరు లేదు.

అన్నిటికంటే హీనం ఆ చప్పుడు. కొత్త ఫొటో వచ్చిందంటే కింద ఈగలక్క ఫోను టింగుమంటుంది. అదే క్షణంలో పైన, తెరిచిన కిటికీలోంచి, ఇంకో టింగు. వెంటనే నెత్తిమీద కుర్చీ కాలు గచ్చు మీద కీచుమంటూ జరుగుతుంది. అంటే చిన్నది బల్ల దగ్గర కూర్చుంది. ఇక ఈగలక్కకి ఊపిరి సలపదు. పొయ్యి మీద ఏముందో, తలుపు దగ్గర ఎవరున్నారో మరిచిపోయి గీత వెతుకుతుంది, వరస వెతుకుతుంది, జవాబు కొడుతుంది. పంపేలోపు చిన్నదాని జవాబు వచ్చేస్తే, ఆ పూట ఇంట్లో అందరికీ మాటల్లో కారం తగులుతుంది.

ఈ స్థితిలో పెద్దాయన గుంపులో ఒక కబురు పెట్టాడు. కళ్ళలో శుక్లాలు ముదిరాయి, వెంట్రుకలు కనబడటం లేదు. పేరు ఖాయమైందని ఫొటో పక్కన పెట్టే పచ్చ టిక్కు ఇన్నాళ్ళూ నా ఒక్కడి చేతిలో ఉంది. వచ్చే నెల ఒకటో తేదీన దాన్ని ఒకరికి అప్పగిస్తాను. ఒకరికే, ఇద్దరి చేతిలో ఉంటే గొడవ. నా మనసులో ఇద్దరున్నారు, నెలాఖరు దాకా చూస్తాను. ఇద్దరెవరో ఆయన రాయలేదు. రాయక్కర్లేదు కూడా, గుంపంతటికీ తెలుసు.

ఆ టిక్కు తనకి రాకపోతే ఈగలక్క పని ఏమవుతుందో ఆలోచించండి. తను పేరు చెబుతుంది. తను వేలు పట్టి నేర్పిన మనిషి దాన్ని చూసి, ఔననో కాదనో టిక్కు పెడుతుంది. రోజూ. నెత్తిమీద కూర్చుని. ఆ ఊహకే ఆవిడకి అన్నం సయించలేదు.

నెలాఖరుకి నాలుగు రోజులుందనగా, ఆదివారం పొద్దున, గుంపులో తోటమాలి అని పిలుచుకునే ఆయన ఒక ఫొటో పెట్టాడు. ఇంత దగ్గరగా తీస్తే ఈగలో ఒక పలచటి పొర మాత్రమే స్పష్టంగా పడుతుంది. అందుకని ముందు నుంచి వెనక్కి ముప్పై నలభై ఫొటోలు తీసి, అన్నిట్లో స్పష్టంగా ఉన్న ముక్కల్ని కంప్యూటర్లో కలిపి ఒక్క బొమ్మ చేస్తారు. తోటమాలి ముప్పై ఎనిమిది కలిపాడు. ఒక్కో వెంట్రుకా కత్తిలా ఉంది.

కింద టింగు. పైన టింగు. కుర్చీ కీచు.

ఈగలక్క గీత పట్టింది. వెనక్కి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ రంగూ ఆ తీరూ ఉన్న ఈగల్లో నాలుగున్న రకం ఈ చుట్టుపక్కల ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. ఇది మొదటిది. మొదట చెప్పినవాళ్ళ పేరు దాని పక్కన ఉండిపోతుంది. పైన కుర్చీ ఇంకోసారి కీచుమంది. ఆవిడ కొట్టేసింది: "నాలుగు. అనుమానం లేదు." పదకొండేళ్ళలో అనుమానం లేదని ఆవిడ రాయడం అదే మొదటిసారి.

దండాలు, పూలు వరదలా వచ్చిపడ్డాయి. చిన్నదాని దగ్గర్నుంచి మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఈగలక్క కాఫీ కలుపుకుని, కప్పుతో కిటికీ దగ్గర నిలబడి, పైన నిశ్శబ్దాన్ని చెవులారా విన్నది. అంత కమ్మటి కాఫీ ఈమధ్య తాగలేదు.

కప్పు ఖాళీ అయ్యేలోపు మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. చిన్నది ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడింది. బావగారు లేరు కదా అని అడిగి, లేరని తెలుసుకుని లోపలికొచ్చింది. ఫొటోని బాగా పెద్దది చేసి తోడికోడలి ముందు పెట్టింది.

"అక్కా, నాలుగోదానికి గుంట ఉందా?"

ఈగలక్క చూసింది. మూడింటికీ మొదట్లో నల్లటి చిన్న గుంటలున్నాయి. నాలుగోది నున్నటి వీపు మీద ఊరికే నిలబడి ఉంది.

"మా దగ్గర పేషెంటు ఊపిరి బిగబట్టకుండా కదిలాడనుకోండి, ఒకే పక్కటెముక రెండుగా పడుతుంది," అంది చిన్నది. "తీసేటప్పుడు ఈగ కాస్త కదిలినట్టుంది. మూడోదే రెండుసార్లు పడింది. నేనెక్కడా రాయలేదు. మీరే మార్చేసుకోండి."

అని వచ్చినంత మెల్లగా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఈగలక్కకి తల కొట్టేసినట్టయింది. తన సూత్రం, తను నేర్పిన సూత్రం, తనకే అప్పగించి వెళ్ళింది. అయితే అసలు మంట తప్పు దొరికినందుకు కాదు. నలుగురిలో పెట్టి పరువు తీయగలిగి ఉండీ తీయకుండా పోయిందే, అందుకు. కొట్టినా బాగుండేది. జాలిపడింది. తనమీద చిన్నది జాలిపడే రోజు వచ్చింది.

ఆ మంటలోనే ఆవిడ ఫోను తీసి రాసింది: "మళ్ళీ చూశాను. నాలుగోదానికి గుంట లేదు. ఈగ కదలడం వల్ల మూడోదే రెండుగా పడింది. మూడు." రాసి పంపేసింది. మళ్ళీ చూసింది తనే, అది నిజమే. చూడమన్నది ఎవరో మాత్రం రాయలేదు.

సాయంత్రానికి పెద్దాయన పలికాడు. గుంట లేని వెంట్రుకని నేను కూడా పోల్చుకోలేకపోయేవాణ్ణి అన్నాడు. తన తప్పు తానే పట్టుకుని, పదిమందిలో ఒప్పుకునే కళ్ళు కావాలి నాకు, ఇక నెలాఖరు దాకా చూడక్కర్లేదు, టిక్కు ఈగలక్కదే అని రాశాడు. అందరికంటే ముందు "శుభాకాంక్షలు అక్కా" అని పువ్వు బొమ్మ పెట్టింది చిన్నదే. పుండు మీద కారం చల్లినట్టయింది.

సోమవారం షాపులో యజమాని మిఠాయి పంచాడు. మంగళవారం ఈగలక్క ఒక ముసలాయన కళ్ళజోడుకి కుడి అద్దం ఎడమవైపు, ఎడమ అద్దం కుడివైపు బిగించింది. పెట్టుకుని ఆయన గడపని గోడనుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో అలాంటిది జరగలేదు. గొప్పవాళ్ళయ్యాక మా అద్దాలేం కనబడతాయిలే అని యజమాని వేళాకోళమాడాడు. ఆవిడ అద్దాలు ఊడదీసి మళ్ళీ బిగించింది. ఎంత తుడిచినా వాటి వెనక చిన్నదాని మొహమే కనబడింది.

బుధవారం సాయంత్రం షాపు నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా నేరుగా పైకెక్కింది. ఏం అనాలో అనుకోలేదు. నాకు నీ జాలి అక్కర్లేదు అందామనుకుందో, తప్పు నాది అందామనుకుందో ఆవిడకే తెలియదు. తలుపు తెరిచే ఉంది. చిన్నది బల్ల దగ్గర ఉంది. ఎదురుగా ఫోను, పక్కన లావుపాటి నోటుపుస్తకం. అడుగుల చప్పుడుకి ఉలిక్కిపడి పుస్తకం మూయబోయింది. ఈగలక్క చెయ్యి అడ్డం పెట్టింది.

పేజీ నిండా అంకెలు. ఒక్కో అంకె పక్కన తేదీ, "మూడు" అనో "నాలుగు" అనో ఒక మాట, ఒక గీటు. తేదీలు పాతవి. చిన్నది ఈ ఇంటికి కోడలిగా రాకముందువి. మాటలు ఎక్కడో చదివినట్టున్నాయి. "మసక. వెంట్రుకలు కనబడవు."

"ఇవి నావి కదూ?"

చిన్నది తలొంచుకుంది. "మీ జవాబులే అక్కా. మొదటిదాన్నుంచీ."

"ఎందుకూ?"

"ఒక్క తప్పైనా దొరుకుతుందేమోనని." చిన్నదాని గొంతులో మెత్తదనం పోయింది. "మూడేళ్ళ నుంచి చూస్తున్నాను. ప్రతి ఫొటో తెరిచి నేనూ లెక్కపెడతాను. పదకొండు వేల తొమ్మిదివందలయ్యాయి. ఒక్కటీ దొరకలేదు. వాళ్ళందరూ నన్ను బాగా మాట్లాడతానంటారు. తేల్చుకోవాల్సి వస్తే మాత్రం ఈగలక్కని అడుగుదామంటారు. ఎంత మండుతుందో మీకేం తెలుసు?"

ఈగలక్క మంచం అంచున కూర్చుంది.

"మరి ఆదివారం దొరికిందిగా. రాయలేదేం?"

"అదో తప్పా?" అంది చిన్నది కోపంగా. "నా కుర్చీ చప్పుడుకి కంగారుపడి రాశారు. కుర్చీ నేను కావాలనే లాగుతాను. మీరు కింద గిన్నె పడేస్తారు, నాకు వినబడుతుంది. అలా దొరికింది నాకు లెక్కలోకి రాదు. మీరు తీరిగ్గా, నిమ్మళంగా కూర్చుని చేసిన తప్పు కావాలి నాకు."

అయితే జాలి కాదన్నమాట. కుళ్ళు. తనదిలాంటిదే, కాకపోతే తనకన్నా ఓపికైనది. ఈగలక్క నోటుపుస్తకం దగ్గరకు లాక్కుని పేజీలు తిప్పింది. పన్నెండు వేల జవాబులు. కట్టుకున్నవాడు ఒక్కటి చదవలేదు, యజమాని ఒక్కటి చదవలేదు, అడిగినవాళ్ళు కూడా తమది తాము చదువుకుని పోయారు. మొత్తం చదివింది ఇదొక్కతే. ఒక్కో వెంట్రుకా మళ్ళీ లెక్కపెట్టి మరీ చదివింది. ఆవిడకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. రెండిట్లో ఏది ముందో చెప్పలేను.

"ఏ మాట చూసి టిక్కు ఇచ్చారో, ఆ మాట నీది," అంది. "నేను నాదని రాసుకున్నాను."

"చూశాను. ఆ రోజు అన్నం తినలేదు," అంది చిన్నది.

ఈగలక్క అక్కడే, తోడికోడలి బల్ల దగ్గరే ఫోను తీసి గుంపులో రాసింది: "నాలుగోదానికి గుంట లేదని పట్టింది నేను కాదు, పై అంతస్తులో మా తోడికోడలు. నాకు చెప్పి ఊరుకుంది. నేను నాదిగా రాసుకున్నాను." పెద్దాయనకి ఆ మాత్రం చాలు. మర్నాడు ఆయన రెండు ముక్కలు రాశాడు. ఒప్పుకున్నందుకు సంతోషం. టిక్కు చిన్నావిడకి.

ఆ ముక్క చదివాక ఈగలక్కకి మనసు తేలికపడిందని చెబితే మీరు నమ్మొద్దు. అరికాలి మంట నెత్తికెక్కింది. చేసింది న్యాయమే అయినా, న్యాయం చేసినంత మాత్రాన మండకుండా ఉంటుందా? మొదటి వారం తన జవాబుల పక్కన చిన్నది పెట్టిన పచ్చ టిక్కు కనబడినప్పుడల్లా ఫోను బోర్లించి పెట్టేసేది.

రెండో వారం షాపు నుంచి వస్తూ ఒక లావుపాటి నోటుపుస్తకం కొనుక్కొచ్చింది. పొద్దున్నే లేచి, బల్లదీపం వంచుకుని, చిన్నది మూడేళ్ళ కిందట రాసిన మొట్టమొదటి జవాబు తెరిచింది. ఫొటో పెద్దది చేసింది. గీత పట్టింది, గుంటలు లెక్కపెట్టింది. సరిగ్గానే ఉంది. పుస్తకంలో ఒకటి అని వేసి, పక్కన గీటు పెట్టి, రెండోది తెరిచింది.

ఇప్పటికీ అదే పని మీద ఉంది. అప్పుడప్పుడు పై కిటికీలోంచి గొంతు వినబడుతుంది.

"ఎంతవరకొచ్చారక్కా?"

"రెండు వేల మూడువందలు."

"ఏమైనా దొరికిందా?"

"దొరుకుతుందిలే," అంటుంది ఈగలక్క, తల ఎత్తకుండా. "నువ్వు కుర్చీ లాగకు."